అరువు కాలు

ఆఫీసులో ఆమెకు సరిపోయిందమ్మ అని పేరు. ఎదురుగా అందరూ మేడమ్ అనేవాళ్ళే, వెనక మాత్రం ఆ పేరే. ఆమెకూ తెలుసు. తెలిసీ నవ్వి ఊరుకునేది, ఎందుకంటే ఆ పేరులో వెక్కిరింతతో పాటు కాస్త గౌరవం కూడా కలిసి ఉందని ఆమె నమ్మకం. ఇరవై మంది పనిచేసే ఆ ఆఫీసులో ఏ కట్టడం లెక్కయినా చివరికి ఆమె బల్ల దగ్గరికి రావలసిందే. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, తెర మీద ఆఖరి వరుస చూసి, "సరిపోయింది" అన్న తర్వాతే ఎక్కడైనా పునాది తవ్వేది.

ఏది సరిపోవాలో చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. మనం కుర్చీలో కూర్చుంటే మన బరువు నాలుగు కాళ్ళ మీదికి పోతుంది. నేల ఆ కాళ్ళను అంతే బలంతో పైకి నెడుతుంది. ఆ నెట్టే బలాన్ని వీళ్ళు రియాక్షన్ అంటారు. కట్టడాన్ని కంప్యూటరులో వేల ముక్కలుగా చేసి, ముక్క ముక్కకీ లెక్క కట్టిస్తే, చివర్లో ఒక పట్టిక వస్తుంది: ఏ ఆధారం ఎంత మోస్తోంది అని. పైన పెట్టిన బరువు, ఆధారాలు మోసిన బరువు సమానం కావాలి. తొంభై ఆరు టన్నులు పెడితే తొంభై ఆరూ తిరిగి రావాలి. వస్తే సరిపోయినట్టే అని ఆమె లెక్క.

ఆమెకు పని నేర్పిన పెద్దాయన లెక్క వేరు. ఆ ఆఫీసు పెట్టింది ఆయనే. బుగ్గన లవంగం, చెవి మీద ఎర్ర పెన్సిలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. పట్టికను కాగితం మీద అచ్చు తీయించి, పక్కన డ్రాయింగు పరుచుకుని, బళ్ళో పంతులులా ఒక్కో ఆధారానికీ హాజరు వేసేవాడు.

"మొత్తం కలిసిందని సంబరపడకు అమ్మాయ్. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలువు. నువ్వెవరు, ఎంత మోస్తున్నావు, నీ కింద ఏముంది? ఈ మూడూ అడుగు. జవాబు రాకపోతే వాడు దొంగ."

దొంగ అన్నది అరువు కాలు గురించి. అది ఆ ఆఫీసులో పుట్టిన మాట. కంప్యూటరులో కట్టడం మోడల్ తయారవుతుండగా, ఇంకా అన్ని అతుకులూ వేయకముందే లెక్క నడిపిస్తే, కంప్యూటరు నిలకడ లేదని మొరాయిస్తుంది. అప్పుడు తాత్కాలికంగా ఎక్కడో ఒక చోట ఒక ఆధారం పెడతారు, పని జరగడానికి. తర్వాత గుర్తుపెట్టుకుని తీసెయ్యాలి. తీయకపోతే అది కూడా మిగతావాటితో సమానంగా వరుసలో నిలబడి బరువు మోస్తుంది. మొత్తంలో కలుస్తుంది. మొత్తం మాత్రం చక్కగా సరిపోతుంది. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా అని పెద్దాయన నవ్వేవాడు.

పెద్దాయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆఫీసు నడిపేది ఆయన అల్లుడు. పెద్దాయన కుర్చీ మాత్రం కిటికీ పక్కన అలాగే ఉంది, దాని మీద ఎవరూ కూర్చోరు, పాత ఫైళ్ళు పెడతారు. వానాకాలం ఆ మూల నుంచి లవంగం వాసన వస్తుందని ఆమె ఒకసారి అంటే, గుమాస్తా పకపకా నవ్వి ఎలుకల మందేమో అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, వాసన మాత్రం వస్తూనే ఉంది.

ఒక మంగళవారం ఉదయం అల్లుడుగారు ఒక పని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ళ కిందట వీళ్ళే లెక్క కట్టిన బడి హాలు. దాని బాల్కనీలో ఇంకో రెండు వరుసల సీట్లు వెయ్యాలట. ఆ బడి ఆమెకు కొత్త కాదు. చెల్లెలి కూతురు అక్కడే చదువుతోంది. ఆమెకు పెళ్ళి లేదు, చెల్లెలి కుటుంబంతోనే ఉంటుంది. శుక్రవారం బడి వార్షికోత్సవం, అమ్మాయి పాడే బృందం బాల్కనీ మీది నుంచే పాడుతుందని వారం రోజులుగా ఇల్లంతా ఆ పాటతో మోగిపోతోంది.

పాత మోడల్ తెరిచింది. కొత్త సీట్ల బరువు కలిపి లెక్క నడిపింది. ఆఖరి వరుస చూసి, సరిపోయింది అనుకుంది. అక్కడితో ఆగిపోయేదే. కానీ ఈసారి గోడల్నీ స్తంభాల్నీ పరీక్షించే ఇంజనీరు, ఏ ఆధారం మీద ఎంత బరువు పడుతుందో విడివిడిగా రాసిమ్మన్నాడు. సరే కదా అని డ్రాయింగు తీసి, ఒక్కో ఆధారం పక్కన అంకె రాసుకుంటూ పోయింది. పదకొండు రాసింది. డ్రాయింగు అయిపోయింది. పట్టికలో ఇంకో వరుస మిగిలింది.

తప్పు లెక్కపెట్టానేమో అనుకుని మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ పదకొండే. పట్టికలో పన్నెండు. పన్నెండోవాడు బాల్కనీ ఎడమ మూలన, గోడకు రెండు మీటర్ల దూరంలో, ఉత్త గాలిలో నిలబడి ఆరు టన్నులు మోస్తున్నాడు.

పదకొండేళ్ళ కిందటి మధ్యాహ్నం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. మోడల్ మొరాయించడం, తను ఆ మూల అరువు కాలు పెట్టడం, తర్వాత తీద్దాంలే అనుకోవడం. ఆ సాయంత్రం పెద్దాయన భార్యకు ఆపరేషన్. ఆయన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "సరిపోయిందా అమ్మాయ్?" అన్నాడు. "సరిపోయింది సార్." హాజరు వేయకుండానే ఆయన సంతకం పెట్టిన కాగితం ఆయన జీవితంలో అదొక్కటే. అది ఆమె మాట మీద పెట్టాడు.

ఆ పన్నెండో ఆధారాన్ని తీసేసి, కొత్త సీట్లు కూడా లేకుండా, ఉన్న బాల్కనీకే లెక్క మళ్ళీ నడిపింది. తెర మీద ఆ మూల కిందికి వాలింది. గోడలో దాన్ని పట్టుకున్న ఇనుప బ్రాకెట్టు మీద, బాల్కనీ నిండా జనం ఉంటే, అది మోయగలిగినదానికి ఒకటిన్నర రెట్లు బరువు పడుతోంది. మొత్తం మాత్రం ఇప్పుడూ సరిపోయింది. ఆ ఆఖరి వరుసను చూస్తే ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. తిరిగి చూస్తే కుర్చీ మీద ఫైళ్ళు తప్ప ఏమీ లేవు.

అల్లుడుగారి గది తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ విన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"పదకొండేళ్ళు నిలబడింది. ఇంకో మూడు రోజులు నిలబడదా మేడమ్? శుక్రవారం దాటిపోనివ్వండి. కొత్త సీట్ల పని ఎలాగూ మనదే. అందులో ఆ మూలకి ఒక స్తంభం కలిపేద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

"ఎలా నిలబడిందో నాకు అర్థం కావట్లేదు సార్. అదే నా భయం."

"కింద మీ సంతకం ఒక్కటే ఉంటే మీ ఇష్టం. పక్కన మామగారి సంతకం ఉంది. ఆయన పేరు బోర్డు మీద ఉంది. పోయినాయన్ని తీసుకొచ్చి బోనులో నిలబెడతారా?"

ఆ మాట దెబ్బలా తగిలింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే చెల్లెలి కూతురు వరండా మెట్టు ఎక్కి పాట అప్పజెబుతోంది. "పెద్దమ్మా, నేను ఎడమ చివర నిలబడతా. నువ్వు కింద నుంచి చూస్తే ఫస్టు నేనే కనిపిస్తా" అంది. ఎడమ మూల. ఆమె చెయ్యి గోడకు ఆన్చి నిలబడింది. చెల్లెలు, "ఏంటక్కా, ముఖం అలా పాలిపోయింది, బీపీ మాత్ర వేసుకున్నావా?" అంటే, వేసుకున్నానని అబద్ధం ఆడింది.

బుధవారం పొద్దున్నే బడికి వెళ్ళింది. బడి వస్తువులన్నీ చూసుకునే పెద్దమనిషి తాళాల గుత్తితో ముందు నడిచాడు. హాలులో బెంచీలు తుడుస్తున్నారు. బాల్కనీ కింద ఎడమ మూలకు వెళ్ళి ఆమె తల ఎత్తి చూసింది. బీము అడుగున నాలుగు చోట్ల గరుకుగా ఏదో కోసిన గుర్తులు, వాటి మీద హడావిడిగా పూసిన రంగు. తల దించి చూసింది. కాలి దగ్గర నేలలో ఇనుప పలక, దాని నాలుగు మూలలా కోసేసిన బోల్టుల మొండాలు.

"ఇక్కడేముండేది?"

"స్తంభం ఉండేది కదమ్మా, గుండ్రటి ఇనప గొట్టం. హాలు తెరిచినప్పటి నుంచీ ఉంది. ఆ పక్కన సామాను గది ఉంది చూశారా, బెంచీల బండి తోస్తుంటే ప్రతిసారీ దానికే తగిలేది. పోయిన సెలవుల్లో కోయించేశాం."

"ఎవరినడిగి కోయించారు?"

ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, "అడక్కుండా ఎలా కోస్తామమ్మా? మీ ఆఫీసుకే ఫోన్ చేశాం. ఎవరో మేడమ్ మాట్లాడారు. డ్రాయింగు చూసి, అందులో అలాంటి స్తంభమే లేదు, మాది కాదు, తీసేసుకోండి అన్నారు" అన్నాడు.

ఆ ఫోన్ ఆమెకు గుర్తుంది. భోజనం డబ్బా తెరిచి పెట్టుకుని ఉంది, చేతికి అన్నం అంటింది, ఎడమ చేత్తో డ్రాయింగు తెరిచి చూసింది. పదకొండు ఆధారాలు. పన్నెండోది లేదు. మాది కాదండీ, అంది. రెండు నిమిషాల పని. గొట్టం కోసేసినవాళ్ళ తప్పేముంది? సొంత చేత్తో తీసిన గోతి కనిపించక ఆమె అడుగు వేసింది. గొట్టం పోయిన తర్వాత ఆ బాల్కనీ నిండిన రోజు ఇంకా రాలేదు. రాబోయేది శుక్రవారమే.

బాల్కనీ మూసేయాలని చెప్తే ప్రిన్సిపాల్ మొదట నవ్వింది, తర్వాత కోప్పడింది. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, పాటల బృందం ఎక్కడ నిలబడాలి, రెండు వందల మందిని ఎక్కడ కూర్చోబెట్టాలి? "పదకొండేళ్ళ తర్వాత ఇప్పుడొచ్చి చెప్తున్నారేంటండీ? అసలు ఈ తప్పు ఎవరిది?"

"నాదే" అంది ఆమె. "లెక్కలో తప్పు నాది. మొన్న సెలవుల్లో ఫోన్లో స్తంభం తీసేయమన్నదీ నేనే. రెండూ రాసిస్తాను. మీరు మాత్రం బాల్కనీ మెట్ల తలుపుకి ఇప్పుడే తాళం వేయించండి. తాళం చెవి నాకివ్వండి."

తాళం పడ్డ చప్పుడు విన్నాక గానీ ఆమె అక్కణ్ణుంచి కదలలేదు. కానీ ఒక ప్రశ్న ముల్లులా మిగిలింది. ఆ గొట్టం సరిగ్గా తను అరువు కాలు పెట్టిన చోటే, ఒక జానెడు అటూ ఇటూ కాకుండా, ఎవరు పాతారు?

తాళాల పెద్దమనిషే దారి చూపించాడు. బడి గేట్లు బాగుచేసే ముసలి వెల్డర్ అప్పట్లో ఆ హాలు పని చేసినవాడేనట. వెనక వీధిలో రేకుల షెడ్డు. వెల్డర్ కళ్ళకు పెట్టుకున్న నల్లద్దాలు తీసి, ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆ గొట్టమా? నేనే పెట్టానమ్మా. హాలు తెరవడానికి పది రోజుల ముందు మీ పెద్దాయన ఒక్కడే వచ్చాడు. చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆ మూల కింద నేల మీద గీత గీసి, ఇక్కడ గొట్టం దించు, కింద గొయ్యి తీసి కాంక్రీటు వెయ్యి అన్నాడు. డ్రాయింగేదీ అనడిగా. కాగితం లేదు అన్నాడు."

"ఎందుకు లేదని అడగలేదా బాబాయ్?"

"అడక్కుండా ఉంటానా? ఆఫీసులో ఒక పిల్ల ఉంది, పని బాగా చేస్తుంది, ఇది తెలిసిందంటే హడలిపోతుంది, ఇంక జన్మలో లెక్క కట్టడానికి చెయ్యి రాదు అన్నాడు. నేనే చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది అన్నాడు. గొట్టం దింపిందాకా ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. ఆ పిల్లవి నువ్వేనా?"

ఆమె ఆ స్టూలు వంక చూసింది గానీ కూర్చోలేకపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది. హాలు తెరవడానికి ముందు ఒక రోజు టీ తాగుతూ పెద్దాయన ఊరికే అడిగినట్టు అడిగాడు: "అమ్మాయ్, ఆ బడి హాలు ఎడమ మూల కింద ఏముందంటావ్?" తను తడుముకోకుండా, "గోడ సార్" అంది. ఆయన కప్పు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకేదో అనబోయి, "కింద ఏముందో చూసుకుంటూ ఉండు" అని మాత్రం అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుంది. నిజానికి ఆయన అక్కడ తలుపు కొంచెం తెరిచి పట్టుకున్నాడు, తను లోపలికి తొంగి చూడనైనా లేదు.

ఏడుపు వచ్చింది. ఆయన మీద ప్రేమతో వచ్చిందా, కోపంతో వచ్చిందా ఆమెకే తెలియలేదు. రెండు చీవాట్లు పెట్టి ఉంటే ఏమయ్యేది? వారం రోజులు అన్నం సహించకపోయేది. అంతే కదా!

శుక్రవారం వార్షికోత్సవం కింద హాలులోనే జరిగింది. పాటల బృందం వేదిక పక్కన ఇరుక్కుని పాడింది. చెల్లెలి కూతురు మూతి ముడుచుకుని, "మా క్లాసు వాళ్ళందరూ మీ పెద్దమ్మ వల్లే అని నన్ను తిడుతున్నారు" అంది. ఆమె పిల్ల జడ సర్దింది. పాట నడుస్తున్నంతసేపూ ఆమె చూపు పైన ఖాళీ బాల్కనీ మీదే ఉంది. ఎడమ మూలన, కటకటాల వెనక, ఎవరో నిలబడి కిందికి చూస్తున్నట్టే అనిపించింది. దీపాలన్నీ వెలిగాక కూడా ఆ అనిపించడం పోలేదు. మూల మాత్రం ఖాళీగానే ఉంది. ఆమె సంచీలో తాళం చెవిని తడిమి చూసుకుంది.

అక్కడితో అయిపోయిందని చెల్లెలు అనుకుంది. అల్లుడుగారూ అలాగే అనుకున్నాడు. రాసిచ్చిన కాగితంలో మామగారి పేరు లేకపోవడం చూసి ఆయన ముఖం తేటపడింది. ఆమె తన పేరొక్కటే రాసింది, అందుకు ఆయన థాంక్స్ కూడా చెప్పాడు. ఆమెకు మాత్రం వెల్డర్ మాట విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ హాలు తప్పు తనకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తను మారలేదు. పదకొండేళ్ళుగా మోడల్ మొరాయించినప్పుడల్లా అరువు కాలు పెడుతూనే ఉంది, ఆఖరి వరుస మాత్రమే చూసి సరిపోయింది అంటూనే ఉంది. ఆయన కాపాడింది తనను, తను లెక్క కట్టినవాటిని కాదు.

శనివారం ఆఫీసుకు సెలవు. ఆఫీసు తాళం చెవి తీసుకుని వెళ్ళి, పెద్దాయన కుర్చీ మీది ఫైళ్ళు దించి నేల మీద పేర్చింది. కుర్చీ తుడిచి బల్ల దగ్గరికి లాక్కుని అందులో కూర్చుంది. సొరుగులో ఆయన ఎర్ర పెన్సిలు ముక్క ఒకటి ఉండిపోయింది, వేలెడు కూడా లేదు. తను సంతకం పెట్టిన ఫైళ్ళు వరుసగా తెరిచి, పట్టిక అచ్చు తీసి, పక్కన డ్రాయింగు పరిచి, హాజరు మొదలుపెట్టింది. నువ్వెవరు? ఎంత మోస్తున్నావు? నీ కింద ఏముంది?

మొదటి ఫైలులో అందరూ పలికారు. రెండోదాంట్లోనూ, మూడోదాంట్లోనూ పలికారు. నాలుగోదానికి వచ్చేసరికి ఆమె మనసు కాస్త కుదుటపడింది కూడా. అయిదో ఫైలు ఒక ఆసుపత్రిది. రెండు భవనాల మధ్య మూడో అంతస్తులో గాజు గోడల నడక వంతెన. డ్రాయింగులో ఆధారాలు ఎనిమిది. పట్టికలో వరుసలు తొమ్మిది.

తొమ్మిదోవాడు వంతెన నడి మధ్యన మూడున్నర టన్నులు మోస్తున్నాడు. వాడి కింద రోడ్డు.

ఆమె ఫైలు అట్ట తిప్పి తేదీ చూసింది. పెద్దాయన పోయి అప్పటికి రెండేళ్ళు.

గదిలో లవంగం వాసన లేదు, ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఆమె ఫోన్ తీసి ఆసుపత్రి నంబరు నొక్కింది. అటు ఎత్తినతను ఎవరో, ఏ విభాగం కావాలి అని అడిగాడు.

"మీ నడక వంతెన మీద మనుషుల్ని ఆపించండి. రెండు వైపులా తలుపులు వేయించండి. దాన్ని లెక్క కట్టింది నేను. నా తప్పు ఉంది అందులో."

అతను ఎవరితోనో ఏదో అన్నాడు. మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు.

"ఇప్పుడే ఆపరేషన్ అయినవాళ్ళని ఇటువైపు తీసుకొస్తున్నారండీ. మంచాలూ, వాళ్ళ వెనక జనం. వాళ్ళు దాటాక వేయమంటారా?"

"దాటాక కాదు బాబూ" అంది ఆమె లేచి నిలబడి. "ఇప్పుడే. నువ్వే పరిగెత్తు."